పూటకో కాలు

పోయిన నెల నాకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులుండి తగ్గింది. జ్వరం పోయింది గని కీళ్ళు పట్టుకున్నయి. చీలమండలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు. పేస్టు ట్యూబు నొక్కరాక కోడలిని పిలిచిన. ఆ పిల్ల నొక్కి బ్రష్షు చేతికిచ్చింది. కూచుంటే మూలిగిన, లేస్తే మూలిగిన. ఇంట్ల అందరికీ వినపడాలెనని కావాల్నే గట్టిగ మూలిగిన. ఆ గొంతు నాకే వినబుద్ధి కాలేదు.

మలక్‌పేటల ఒక చిన్న క్లినిక్కుకు పోయిన. డాక్టరమ్మది మా కోడలి వయసే ఉంటది. చీలమండ మీద బొటనవేలితో మెల్లగ నొక్కి చూసింది. మణికట్టు అటూ ఇటూ తిప్పింది.

“జ్వరం తగ్గినంక కీళ్ళు వాచడానికి చాలా కారణాలుంటయి అంకుల్,” అన్నది. “ఇప్పుడు చికున్‌గున్యా తిరుగుతుంది. అదైతే వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. కొందరికి విరేచనాలు తగ్గినంక వస్తది. గొంతు నొప్పి తర్వాత వచ్చేదొకటుంది, అది ఎక్కువ పిల్లలకు. యూరిక్ యాసిడ్ పెరిగినా వాస్తయి. కీళ్ళవాతమే ఇప్పుడు మొదలైందేమో, అదీ చూడాలె. బ్లడ్ టెస్టు చేయించండి, చూసి చెప్త.”

రాస్తూ రాస్తూ తలెత్తింది. “చిన్నప్పుడు ఎప్పుడన్న ఇట్ల వాచినయా? మీకు గాని, ఇంట్ల ఎవరికన్న గాని?”

“మా అక్కకు,” అన్న. “గొంతు నొప్పి తర్వాత.”

“గుండెకు ఏమన్న అయ్యిందా?”

“అయ్యింది.”

ఆమె తలూపి రెండు ముక్కలు రాసుకుని పక్క కాగితం అందుకుంది. నేను ఆటో ఎక్కి ఇంటికొచ్చిన. దారి పొడుగునా నా ముక్కుల పేడ వాసన. ఆటోల పేడ ఎక్కడిది. అది అప్పటి వాసన.

మాది కిషన్‌బాగ్ దిక్కు పాల ఇల్లు. పద్నాలుగు బర్రెలు ఉండేటియి. ఇప్పుడు ఆ జాగల మూడంతస్తుల బిల్డింగు, కింద వెల్డింగు షాపు. అప్పటి ఇండ్ల గురించి రాసేటోళ్ళు జున్ను గురించి రాస్తరు, నురుగు పాల గురించి రాస్తరు. జున్ను నిజమే. బెల్లమూ యాలకులూ ఏసి అమ్మ చేసిన జున్ను నేనూ తిన్న. గని ఆ ఇల్లు కంపు కొట్టేది. బర్రె ఉచ్చ కాలువ కట్టి వాకిలి నడుమ నుంచే పారేది. వానాకాలం అది పొంగి వంటింటి గడప తడిపేది. అన్నం మీద ఈగలు ముసిరేటియి. ఒక చేత్తో తోలుకుంట, ఇంకో చేత్తో తినేటోళ్ళం. బడికి ఎంత తోముకుని పోయినా నా పక్క కూచున్న పిలగాడు జరిగి కూచునేటోడు. ఆ జరగడం నాకు దెబ్బ కన్నా ఎక్కువ తగిలేది.

ఇంట్ల పెత్తనం తాతది. మా బాపు సైకిలు మీద పాలు పోసి వచ్చి, తాత ఏం చెప్తే అది చేసేటోడు. తాత బర్రెల సంగతి తెలిసిన మనిషి. ఎక్కడెక్కడి నుంచో పాలోళ్ళు జీవాలను తోలుకొచ్చి ఆయనకు చూపించేటోళ్ళు. కాలు వాచిన బర్రె వస్తే, ఇటుక కాల్చి గోనెపట్టల చుట్టి కాపు పెట్టేటోడు. “వాపు దిగిందంటే రోగం దిగినట్టే” అనేటోడు. ఆయన నోట్ల నుంచి వచ్చిందంటే ఇంట్ల అది చట్టం.

అక్క నాకంటే రెండేండ్లు పెద్దది. అప్పుడు నాకు పదమూడు నడుస్తుంది. అక్క బడి ఎప్పుడో మాన్పించిండ్రు. పాల క్యాన్లు బూడిదతో తోముడు, పిడకలు కొట్టుడు ఆమె పని. తడి పేడల పొట్టు కలిపి, ముద్ద చేసి, గల్లీ దిక్కు గోడకు ఎగిరి కొట్టేది. అట్ల కొట్టినప్పుడు ఆ గోడంత ఆమె వేళ్ళ అచ్చులు పడేటియి. పని చేస్తూ నవ్వేది, పాడేది, పోయేటోళ్ళతో మాట్లాడేది. ఆ చేతులతోనే నా తల దువ్వ వస్తే నేను ఉరికేటోణ్ణి. “గలీజుదానా, దూరం పో” అనేటోణ్ణి. “నువ్వు తాగే పాలు ఎక్కడినుంచి వస్తున్నయిరా నవాబ్ సాబ్?” అని ఎనకబడి మరీ నా చెంపకు పూసేది.

ఆ ఏడు వానలు పడ్డప్పుడు అక్కకు గొంతు నొప్పి లేచింది. మింగితే కండ్ల నీళ్ళొచ్చేటియి. జ్వరం గూడ కాసింది. అమ్మ మిరియాల పాలు తాగించింది, ఉప్పు నీళ్ళు పుక్కిలించమన్నది. వారం లోపట తగ్గింది. గొంతు నొప్పి ఎవరికి రాదు? అందరం మరిచిపోయినం.

ఒక రెండు మూడు వారాలకు అక్క మోకాలు వాచింది. ఎర్రగ, వేడిగ, మీద దుప్పటి పడినా ఓర్వలేనంత నొప్పి. అమ్మ వావిలాకు ఉడికించి కాపు పెట్టింది. పసుపూ సున్నమూ కలిపి పట్టు ఏసింది. అక్క మంచం మీద పడ్డది. పిడకల పని నా మీద పడ్డది.

నేను ఆ పని నాలుగు రోజులు చేసిన. మొదటి దినం పేడల చెయ్యి పెట్టంగనే కక్కిన. మూడో దినం నా పక్కన జరిగి కూచునే ఆ పిలగాడు గల్లీల నుంచి పోతూ పోతూ ఆగిండు. మోచేతుల దాంక పేడతోని ఉన్న నన్ను చూసిండు. ముక్కు మూసుకుని పోయిండు. ఆ రోజు నేను అక్కను ఎంత తిట్టుకున్ననో రాయలేను.

నాలుగో దినం పొద్దున అక్క లేచి వాకిట్ల నడుస్తుంటే చూసిన. వాచిన మోకాలు మామూలైంది. గని కుంటుతుంది. రెండో కాలు కుంటుతుంది. చీలమండ నొప్పంటుంది. సాయంత్రం చూస్తే మణికట్టు గూడ నొప్పంటుంది. నాకు దొంగ దొరికినట్టయింది.

తాత చాయ్ తాగుతుంటే పోయి పక్కన కూచున్న. 

“తాతా, అక్కకు నిన్న కుడి కాలు. పొద్దున ఎడమ కాలు. ఇప్పుడు చెయ్యి గూడ అంటున్నది.”

“నువ్వు చూసినవా?”

“నా కండ్లతో చూసిన. పని తప్పించుకోనీకె నాటకం చేస్తున్నది.”

తాత చాయ్ గిలాస కింద పెట్టిండు. అక్కను పిలిచిండు. ఇంట్లోళ్ళమే కాక, పాలకొచ్చిన ముగ్గురు నలుగురు గూడ వాకిట్ల ఉన్నరు.

“ఆ మూల దాంక పోయి రా బిడ్డా.”

అక్క గోడ పట్టుకుని పోయింది.

“ఏ కాలు నొస్తుంది?”

“ఇది తాతా.”

“మొన్న ఏ కాలన్నవ్?”

అక్క నిలబడి చూసింది. “మొన్న గది. గది తగ్గి ఇది లేచింది.”

ఎవరో కిసుక్కుమన్నరు. తాత గూడ నవ్విండు. కోపంగ కాదు, ఒక పెద్ద మనిషి చిన్నపిల్ల అబద్ధానికి నవ్వినట్టు. “బర్రెకు కాలు వాస్తే ఆ కాలే వాస్తది. తగ్గేదాంక ఆ కాలే కుంటుతది. నా ఈడు అంత బర్రెల నడుమనే ఎల్లింది. పూటకో కాలు కుంటే జీవాన్ని నేను చూళ్ళే. రేపటి సంది గోడ కాడికి పో.”

అమ్మ వంటింటి గడపల నిలబడి ఏదో అనబోయింది. కొంగు నోట్ల పెట్టుకుని లోపలికి పోయింది.

ఆ రాత్రి తాత తన పాల గిన్నెల మీగడంత తీసి నా జొన్నరొట్టె మీద ఏసిండు. “మంచిగ కనిపెట్టినవ్ రా,” అన్నడు. నేను దాని మీదికి చక్కెర గూడ అడిగి ఏయించుకున్న.

మరునాటి సంది అక్క గోడ కాడికి పోయింది. నేను గల్లీ పిల్లల ముంగట ఆమె నడక చేసి చూపించేటోణ్ణి. మూడు అడుగులు కుడి కాలు కుంటి, మూడు అడుగులు ఎడమ కాలు కుంటి, చివరికి చేతులతో కుంటినట్టు. అందరూ పడి పడి నవ్వేటోళ్ళు. ఆమె పిడకలు కొడుతుంటే ఎనక నుంచి అరిచేటోళ్ళు, “లంగ్డీ! ఆజ్ కౌన్‌సా పావ్?” కుంటిదానా, ఇయ్యాల ఏ కాలని. ఆ మాట నేర్పింది నేనే. అక్క ఎప్పుడూ ఎనకకు తిరగలేదు. ఒక్కసారి మాత్రం ఇంట్ల, నేను ఒక్కణ్ణే ఉన్నప్పుడు, తన మణికట్టు నా మొఖం ముంగట పెట్టింది. పూరీ లెక్క ఉబ్బి ఉన్నది. 

“ఇది గూడ నాటకమేనారా? పట్టి చూడు.”

నేను పట్టి చూడలేదు. దాని మీద పసుపు, సున్నం, పేడ కలిసి ఎండి పెచ్చులు లేచినయి. నాకు రోత అనిపించింది. మొఖం తిప్పుకున్న.

ఒక పది పదిహేను రోజులు అట్లనే నడిచింది. మా గోడ పక్క ఇంట్ల ఒక సాయిబుల పెద్దామె ఉండేది, ఖాలా అని పిలిచేటోళ్ళం. రోజూ పాలకు వచ్చేది. ఒకనాడు పొద్దున ఆమె గిన్నె పట్టుకుని వస్తుంటే అక్క పేడ ముద్ద చేతుల పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉన్నది. కొట్టడానికి చెయ్యి లేస్తలేదు. ఉరికొచ్చినట్టు ఎగపోస్తుంది. ఖాలా గిన్నె కింద పెట్టి అక్క ఛాతి మీద చెయ్యి పెట్టింది. తీసి, మళ్ళ పెట్టింది. 

“అరే, బచ్చీ కా దిల్ కైసా మార్‌రా!” అని మా వాకిట్లకే వచ్చి అరిచింది. పిల్ల గుండె ఎట్ల కొట్టుకుంటుందో చూసిండ్రా అని. తాతను చూసి గూడ ఆగలేదు. “మీ బర్రెకు జ్వరమొస్తే ఇల్లంత లేస్తది. ఇది ఆడపిల్ల. చలో, పెద్ద దవాఖానకు. నేను గూడ వస్త.”

బాపు మొదటిసారి తాతను అడగకుండ రిక్షా పిలిచిండు.

దవాఖానల అక్కను మూడు వారాలు ఉంచిండ్రు. మంచం దిగొద్దన్నరు. బాపుకు డాక్టరు చెప్తుంటే నేను పక్కనే ఉన్న. ఇది గొంతు నొప్పితో మొదలయిందట. గొంతు తగ్గినంక కీళ్ళకు వస్తదట. ఒక కీలు వాచి తగ్గుతుంటే ఇంకో కీలు వాస్తదట, ఈ జబ్బు గుర్తే అదట. కీళ్ళకు ఏం కాదట, కొన్నాళ్ళకు పూర్తిగ మంచిగైతయట. దెబ్బ గుండె మీద పడతదట. 

“పిల్ల ఎప్పుడు చెప్పింది నొప్పి కాలు మారిందని?” అని డాక్టరు అడిగిండు.

“మొదట్లనే చెప్పింది సార్,” అన్నడు బాపు.

“అప్పుడే తేవాలె గద. మంచం మీద ఉండాల్సిన పిల్లతోని పని చేయించిండ్రు.”

బాపు తల వంచుకున్నడు. నేను నా కాళ్ళు చూసుకున్న.

ఇంటికి పోయి బాపు తాతకు అంత చెప్పిండు. ఆయన తప్పయిందని అనే మనిషి కాదు. గని ఆనాటి సంది సచ్చేదాంక పొద్దున సాయంత్రం పద్నాలుగు బర్రెల దగ్గరా కూచుని, ఒక్కోదానివి నాలుగు కాళ్ళూ చేత్తో తడిమేటోడు. ఎందుకని మేమెవరం అడగలేదు.

అక్క ఇంటికొచ్చింది. ఇరవై ఒక్క రోజులకోసారి సూది ఇప్పియ్యాలె. ఒక్కటి గూడ తప్పొద్దు. మళ్ళ గొంతు నొప్పి రాకుండ ఆ సూది కాపాడుతది, మళ్ళొస్తే గుండె తట్టుకోదు. ఇన్నేండ్లని లేదు, పెద్దగయ్యేదాంక. ఒక అట్ట కార్డు ఇచ్చిండ్రు. సూది ఏసినప్పుడల్లా నర్సు దాని మీద ఒక టిక్కు పెట్టి సంతకం గీకేది. మొదటి రెండు సార్లు బాపు తీస్కపోయిండు. ఆ తర్వాత పాలు పోసే టైమని నాకు అప్పజెప్పిండు. “నువ్వే తీస్కపోవాలె. నీ మీద ఏస్తున్న,” అన్నడు. నేను పెద్దమనిషి లెక్క తలూపిన.

క్యాన్లు దింపిన పెద్ద సైకిలు మీద ఎనక అక్కను కూచోబెట్టుకుని పోయేటోణ్ణి. ఆ దవాఖాన నాకు నరకం లెక్క ఉండేది. ఫినాయిలు వాసన, దాని కింద చీము వాసన, వరండాల రక్తం దూది. ఆ సూది లావు. మందు పాల లెక్క తెల్లగ, చిక్కగ ఉండేది. నడుము కింద ఏస్తే లోపలికి దిగనీకె ఎంతో సేపు పట్టేది. అక్క అరిచే అరుపుకు వరండంత తిరిగి చూసేది. పదిహేనేండ్ల పిల్ల అట్ల అరిస్తే నాకు సిగ్గు. ఎవరన్న “ఈ పిల్ల నీకేమైతది?” అని అడిగితే “మా గల్లీ పిల్ల” అని చెప్పిన ఒకసారి. అక్క విన్నది.

తొమ్మిది పది నెలలు గడిచేసరికి అక్క మంచిగైంది. వాపు లేదు, నొప్పి లేదు. మెట్లు ఉరికి ఎక్కేది. ఒక సూది దినం, సైకిలు నది దాటినంక, ఎనక నుంచి నా అంగీ గుంజింది.

“ఒరేయ్, ఇయ్యాల వద్దురా.”

“ఏం వద్దు?”

“సూది. ఇప్పుడు నాకేం లేదు గద. చూడు.” వేళ్ళు ముడిచి తెరిచి చూపించింది. “వాపు దిగింది. ఇంకెందుకు? రెండు రోజులు కూచోరాదురా దాని తర్వాత.”

వాపు దిగితే రోగం దిగినట్టే. మేమిద్దరం ఆ ఇంట్ల పుట్టి పెరిగినోళ్ళమే. గని నేను ఆ మాట నమ్మి ఒప్పుకోలేదు. డాక్టరు చెప్పింది నా చెవులతో విన్న. కీళ్ళు కాదు, గుండె అని విన్న. నాకు ఆ వరండాల నిలబడబుద్ధి కాలేదు. అందుకు ఒప్పుకున్న. ఇన్నేండ్ల తర్వాత ఎన్ని తీర్ల తిప్పి చూసుకున్నా దానికి వేరే కారణం దొరకలేదు.

సైకిలు మలక్‌పేట దిక్కు తిప్పిన. గుర్రప్పందాల మైదానం గోడ ఎక్కి లోపల గుర్రాలను నడిపిస్తుంటే చూసినం. ఉప్పు కారం ఏసిన జామకాయలు తిన్నం. అక్క ఒక ఎర్ర గుర్రాన్ని చూసి, “దాని కాళ్ళు చూడురా, మన బర్రెలు సిగ్గుపడాలె” అని నవ్వింది. నాకు ఆ పొద్దు చాలా మంచిగ అనిపించింది. అది గూడ చెప్పాలె.

గల్లీ మలుపు కాడ సైకిలు ఆపిన. “సూది ఏస్తే నడవరాదు గద. కుంటు.”

అక్క కుంటింది.

“ఒక్కటే కాలు కుంటు,” అన్న. “కాలు మార్చకు. తాత చూస్తడు.”

ఇద్దరం నవ్వి నవ్వి గోడకు ఒరిగినం. తర్వాత ఆమె ఎడమ కాలు ఈడ్చుకుంట వాకిట్లకు పోయింది. తాత గబగబ లేచి తన మంచం ఖాళీ చేసి ఆమెను కూచోబెట్టిండు. నిజంగ కుంటినప్పుడు గోడ కాడికి పంపిన ఇల్లు, దొంగ కుంటుకు మంచమేసింది. ఆ రాత్రి పడుకునే ముందు కార్డు మీద నీలి సిరాతో టిక్కు నేనే పెట్టిన. సంతకం నేనే గీకిన. నా చెయ్యి బాగ తిరిగేది.

అట్ల అయిదు సార్లు ఎగ్గొట్టినం. మూడోసారి అక్క భయపడ్డది. “ఈసారి పోదామారా? ఏమన్న అయితదేమో,” అన్నది. “ఇప్పుడు పోతే నర్సు కార్డు చూస్తది, ఆ సంతకాలు ఎవరియంటే ఏం చెప్తవ్? బాపు నన్ను సంపుతడు,” అన్న నేను. ఆమె మళ్ళ అడగలేదు.

చలికాలం గొంతు నొప్పి వచ్చింది. ఆ వెంటనే కీళ్ళు. ఈసారి మోకాళ్ళు రెండూ, మణికట్లు, మోచేతులు. ఎగపోత ముందుకన్నా ఎక్కువ. బాపు చేతుల మీద ఎత్తుకుని దవాఖానకు తీస్కపోయిండు. డాక్టరు కార్డు చూసిండు. తిప్పి చూసిండు. ఒక్క ఖాళీ లేదు. 

“ఒక్క సూది గూడ తప్పలేదా?”

“లేదు సార్,” అన్నడు బాపు. “మా పోరడే తీస్కపోయిండు. వానొచ్చినా ఆగలేదు.” అని నా భుజం మీద చెయ్యేసిండు.

డాక్టరు నా దిక్కు చూసిండు. “నిజమేనా?”

“నిజమే సార్.”

అక్క మంచం మీద నుంచి నన్ను చూసింది. తర్వాత కండ్లు మూసుకుంది.

“సూది సరిగ్గ పడుతుంటే ఇది మళ్ళ రావద్దు,” అని డాక్టరు పక్క డాక్టరుతో అన్నడు. “అదేనో, వేరేదో.” అప్పటి నుంచి వాళ్ళు వేరే కారణాలు వెతికిండ్రు. క్షయ ఏమోనని కఫం తీసిండ్రు. రక్తంల చెడు ఏమన్న ఉందేమోనని పొద్దున సాయంత్రం రక్తం తీసిండ్రు. కీలు లోపల చీముందేమోనని మోకాలుకు లావు సూది గుచ్చి నీళ్ళు లాగిండ్రు. ఆ రోజు అక్క అరుపు నేను వరండాల చెవులు మూసుకుని గూడ విన్న. అన్ని కారణాలూ చూసిండ్రు. ఒక కారణం వరండాల నిలబడి ఉన్నది. నోరు తెరిచి రెండు మాటలు చెప్తే ఆ గుచ్చుడు ఆగేది. చెప్పలేదు. బాపు బెల్టు దెబ్బలకు భయపడి చెప్పలేదు.

చివరికి ఇది పాత జబ్బేనని తేల్చి దాని మందే ఇచ్చిండ్రు. అప్పటికి గుండె కవాటం పాడయ్యింది. ముందే చెప్పి ఉంటే ఆగేదా అంటే ఏ డాక్టరూ చెప్పలేడు. అయిదు సూదులు పడి ఉంటే అసలు రాకపోవునని మాత్రం నాకు తెలుసు.

అక్క ఇంకో పదిహేనేండ్లకు పైగా బతికింది. పెండ్లి వద్దన్నది. పిల్లలు పుట్టకూడదని డాక్టర్లన్నరు. తాత పోయినంక బర్రెలను అమ్మేసిండ్రు. అక్క కిటికీ పక్కన కూచుని లక్క గాజులకు రాళ్ళు అతికేది. ఆమె వేళ్ళు చక్కగ ఆడేటియి. డాక్టరు చెప్పినట్టే, కీళ్ళకు ఏమీ కాలేదు. వెల్లకిల పడుకుంటే ఊపిరి ఆడదు. మూడు మెత్తలు పెట్టుకుని కూచునే నిద్రపోయేది. నేను ఉద్యోగం నుంచి వచ్చినప్పుడు ఆ దగ్గు వింటే ఇంకో అర్రల కూచునేటోణ్ణి.

ఒక్కసారే ఆ మాట ఎత్తింది. ఆఖరు ఏడు. “నువ్వు ఫికర్ చెయ్యకురా. వద్దన్నది నేనే గద,” అన్నది. 

అప్పుడు నేను కాదనాలె. సైకిలు తొక్కింది నేను, సంతకాలు చేసింది నేను, నువ్వు పోదామంటే ఆపింది నేను అనాలె. ఏమీ అనలేదు. నా ఛాతి మీద నుంచి బరువు దిగినట్టు ఊపిరి తీసుకున్న. ఆమె ఊపిరి ఆడక కూచుంటే ఆమె ముంగట నేను హాయిగ ఊపిరి తీసుకున్న. నా మీద నాకు పుట్టిన అసహ్యంల అన్నిటికన్నా కింద ఉండేది అది.

ఆమె పోయినంక పదో రోజు భోజనాల కాడ బాపు వచ్చినోళ్ళందరికీ చెప్పిండు. “మా పోరడు ఇరవై ఒక్క రోజులకోసారి ఎండనక వాననక సైకిలు మీద తీస్కపోయిండు. ఒక్కటి తప్పియ్యలే. అయినా దేవుడు చూళ్ళేదు.” ఒక పెద్దమ్మ నా తల నిమిరి, “గిసొంటి తమ్ముడు ఎవరికుంటడు బిడ్డా,” అని నా ఆకుల ఇంకో గారె ఏసింది. తిన్న. బాపు ఆ మాటను తను పోయేదాంక చెప్పిండు. నా పెండ్లి చూపులల్ల గూడ అదే చెప్పిండు.

క్లినిక్ నుంచి వచ్చిన సాయంత్రం నా భార్య ఆముదం వేడి చేసుకొచ్చి నా కాళ్ళ దగ్గర కూచుంది. “ఏమన్నది డాక్టరమ్మ?”

“జ్వరం తర్వాత వచ్చే వాపే కావొచ్చన్నది. టెస్టులు రాసింది.”

“ఆ చీటీ ఇటియ్యి. రేపే పోదాం.” చీలమండ మీద నూనె పోసి మెల్లగ రాయబట్టింది. “అక్కకు ఒక్క సూది తప్పియ్యకుండ తిరిగినవంటరు. నీ దాక వస్తే మాత్రం నీకు బద్దకం.”

ఆమెకు గూడ ఆ కథే తెలుసు. ముప్పై అయిదేండ్ల సంది. ఆ కథ విని నన్ను మంచోడనుకునే ఈ ఇంటికి వచ్చింది.

చెప్పిన. తాత చాయ్ కాడి నుంచి పదో రోజు గారె దాంక మొత్తం చెప్పిన. నన్ను కొట్టే బాపు లేడు, అడిగే అమ్మ లేదు, అందరూ పోయినంక చెప్తున్ననని, ఇది ధైర్యం కాదని గూడ చెప్పిన. చెప్తుంటే ఎక్కడనో ఆమె చేతులు ఆగినయి. నా కాలు ఆమె ఒళ్ళోనే ఉన్నది. దాన్ని తీసి కింద పెట్టలేదు, మళ్ళ రాయనూ లేదు. నూనె చల్లారిపోయింది.

ఒక్కటే అడిగింది. “ఆ సూది ఏసేటప్పుడు నువ్వు పక్కన ఉండేటోడివా?”

“మొదట్ల ఉండేటోణ్ణి. అక్క నా చెయ్యి పట్టుకునేది.”

“పట్టుకుంటే?”

“చెమట చెయ్యి,” అన్న. “విడిపించుకుని, అంగీకి తుడుచుకునేటోణ్ణి.”